ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్ మనకు పనికొస్తుందా: ఒక్కో మెట్టుగా తేల్చుకునే పద్ధతి

నా అల్మరాలో ఆరు ఆట పుస్తకాలుండేవి. ఒక్కొక్కటీ వారాల తరబడి చదివాను, ఒక్క సాయంత్రం ఆడించి పక్కన పెట్టాను. వాటిలో ఏదీ చెడ్డ పుస్తకం కాదు. బొమ్మలు బాగుంటాయి, రాత బాగుంటుంది, రివ్యూలు మెచ్చుకున్నవే. తీరా బల్ల చుట్టూ కూర్చున్నాక మావాళ్ళకు కావాల్సింది ఒకటి, ఆ ఆట ఇచ్చింది ఇంకొకటి. ఆ తేడాను కొనకముందే, ఇంకా చెప్పాలంటే పదిమందినీ పిలవకముందే కనిపెట్టొచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎలా కనిపెట్టాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ ఆటలు ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. నలుగురైదుగురు ఒకచోట కూర్చుంటారు. అందులో ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, అడవి, కోట, అందులోని మనుషులు, మాన్‌స్టర్లు అన్నీ ఆయన చూసుకుంటారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో క్యారెక్టర్. "తలుపుకి చెవి ఆనించి వింటాను" అని ఆటగాడు నోటితో చెబుతాడు. ఏమవుతుందో అనుమానం ఉన్నచోట పాచికలు వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలు పుస్తక రూపంలో మొదలయ్యాయి. దాని ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, 2024లో దాన్ని సవరించారు. ఈలోగా దాని చుట్టూ, దానికి పోటీగా, దాన్ని కాదని ఎన్నో ఆటలు వచ్చాయి. "ఏది మంచిది?" అని అడిగితే ఎవరి జవాబు వాళ్ళది. "మా నలుగురికీ ఏది సరిపోతుంది?" అని అడిగితే మాత్రం తేల్చడానికి దారి ఉంది.

మొదటి మెట్టు: పుస్తకం కంటే ముందు మనుషులను చూసుకోండి

ఒక కాగితం తీసుకుని రాయండి. ఎంతమంది వస్తారు? ఒక్కసారికి ఎన్ని గంటలు కూర్చోగలరు? నెలలో ఎన్నిసార్లు? గేమ్ మాస్టర్‌గా ఎవరు చేస్తారు, ఆ మనిషికి ముందుగా తయారవడానికి వారంలో ఎంత సమయం దొరుకుతుంది? ఇవి రాయకుండా ఏ ఆటనూ అంచనా వేయలేం. రెండు వారాలకోసారి మూడు గంటలు కలిసేవాళ్ళకు సరిపడే ఆట వేరు, ప్రతి ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునే కాలేజీ కుర్రాళ్ళకు సరిపడే ఆట వేరు.

తర్వాత ఒక్కొక్కరికీ ఏది సరదా అన్నది. "నీకు ఎలాంటి ఆట ఇష్టం?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. "నువ్వు పదిసార్లు చెప్పుకునే కథలో ఏ ఘట్టం చెబుతావ్?" అని అడగండి. మా బావని అడిగితే యుద్ధం చెప్పాడు. ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉంది, ఎన్ని దెబ్బల్లో పడగొట్టాడు, అది కూడా లెక్కతో సహా. మా చెల్లెలు మాత్రం "వాడు అన్నేళ్ళు ఎందుకు మాట్లాడకుండా ఉన్నాడో తెలిసే సీను" అంది. ఈ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. నేను ఆట వెతకాల్సింది ఈ ఇద్దరి కోసం.

ఇంకో సంగతి, మన బల్లలకు ముఖ్యమైనది. రూల్‌బుక్ ఇంగ్లీషులో ఉంటుంది, మాట్లాడేది తెలుగులో. కాబట్టి పుస్తకం మూసేసి, ఆటలోని అసలు రూల్ ఏమిటో ఎదుటివాళ్ళకు మూడు తెలుగు వాక్యాల్లో చెప్పగలనా అని నన్ను నేను పరీక్షించుకుంటాను. "నువ్వు చేసేది చెప్పు. కష్టమైతే ఇరవై ముఖాల పాచిక వెయ్యి, నీ బలం కలుపు. నేను చెప్పిన అంకెకు చేరితే అయినట్టే." ఇంతలో తేలిపోతే ఆ ఆట తెలుగులో హాయిగా సాగుతుంది. ప్రతి వాక్యంలో నాలుగు పారిభాషిక పదాలు దొర్లుతుంటే కొత్తవాళ్ళు అర్ధగంటలో మౌనంగా అయిపోతారు. వాళ్ళకు ఆట నచ్చలేదని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళకు ఆట ఇంకా అందనే లేదు.

రెండో మెట్టు: ఉచితంగా దొరికేది ముందు చదవండి

డబ్బు పెట్టకుండానే చాలా ఆటలు చూడొచ్చు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే అనుమతి) కింద విడుదల చేశారు. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్ నియమాలు ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్లో చదువుకోవచ్చు. కెయిర్న్, ఐరన్‌స్వోర్న్ అనే ఆటల పీడీఎఫ్‌లు ఉచితం. షాడోడార్క్ అనే ఆటకి ఉచిత క్విక్‌స్టార్ట్ (మొదలుపెట్టడానికి సరిపడే చిన్న పుస్తకం) ఉంది.

చదివేటప్పుడు మొదటి పేజీ నుంచి నవలలా చదవకండి. ముందు క్యారెక్టర్ షీట్, అంటే ఆటగాడు తన క్యారెక్టర్ వివరాలు రాసుకునే కాగితం తీయండి. ఆ ఒక్క కాగితం చాలా చెబుతుంది. మౌస్‌రిట్టర్ అనే ఆటలో మనం కత్తి పట్టిన చిన్న ఎలుకలం. దాని షీట్‌లో ఎక్కువ చోటు సామాన్లు పెట్టుకునే గళ్ళదే. కాగితం ముక్కల మీద వేసిన కత్తి, దివిటీ, తిండి ఆ గళ్ళలో అమర్చుకోవాలి. చోటు చాలకపోతే ఏదో ఒకటి వదిలేయాలి. షీట్ చూడగానే తెలిసిపోతుంది, ఈ ఆటలో "ఏం మోసుకెళ్ళాలి, ఏం వదలాలి" అన్నది పెద్ద ప్రశ్న అని. ఇంకో ఆట షీట్ చూస్తే సగం పేజీ దాడులు, మంత్రాలు. అక్కడ సాయంత్రం దేంతో గడుస్తుందో ఊహించడం కష్టం కాదు.

మూడో మెట్టు: ఆట దేనికి కూలి ఇస్తుంది?

నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్ద పరీక్ష. పుస్తకం ముందుమాటలో సాహసం, స్నేహం, అద్భుత లోకాలు అని ఎంతైనా రాయొచ్చు. క్యారెక్టర్ పైమెట్టు ఎక్కడానికి ఏం చెయ్యాలో చెప్పే పేజీకి వెళ్ళండి. ఆటగాళ్ళు చివరికి చేసేది అదే.

రెండు ఆటల్లో ఒకే గాబ్లిన్‌ని (చిన్నపాటి మాన్‌స్టర్‌ని) పెట్టి చూద్దాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో మామూలు గాబ్లిన్‌ని ఓడిస్తే 50 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు, అంటే లెవెల్ (మెట్టు) ఎక్కడానికి కూడబెట్టుకునే పాయింట్లు. రెండో లెవెల్‌కి 300 కావాలి. అంటే ఒక్కో ఆటగాడి వాటాకి ఆరు గాబ్లిన్లు వస్తే చాలు. ఇప్పుడు ఓల్డ్-స్కూల్ ఎసెన్షియల్స్ చూడండి. ఇది 1981 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్, ఎక్స్‌పర్ట్ నియమాలను సర్ది రాసిన ఆట. ఇందులో గాబ్లిన్‌కి వచ్చేది 5 పాయింట్లు. ఫైటర్ (ఆయుధాలతో పోరాడే క్యారెక్టర్) రెండో లెవెల్‌కి 2,000 కావాలి. గాబ్లిన్లను చంపుకుంటూ పోతే నాలుగు వందలు కావాలన్నమాట. అంతదాకా ఎవరూ బతకరు. కానీ అదే ఆటలో, గుహలోంచి బయటికి క్షేమంగా తెచ్చుకున్న ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు. పెద్ద పెట్టె ఒకటి మోసుకొస్తే వందల గాబ్లిన్ల పని ఒక్కదెబ్బలో అయిపోతుంది.

ఈ ఒక్క అంకె తేడాతో బల్ల దగ్గర మనుషుల ప్రవర్తనే మారిపోతుంది. మొదటి ఆటలో గాబ్లిన్లు కనబడితే కత్తులు దూస్తారు. రెండో ఆటలో "వాటిని కదపకుండా పెట్టె ఎలా లాగాలి?" అని గుసగుసలు మొదలవుతాయి. తాడు, నూనె, కాపలావాడికి లంచం, వెనక దారి. ఆరు గాబ్లిన్లతో పోరాడితే లాభం లేదని అందరికీ తెలుసు కాబట్టి తెలివి బయటికొస్తుంది. ఐదో ఎడిషన్‌లో పాయింట్లు లెక్కపెట్టకుండా కథలో ఘట్టం దాటినప్పుడు లెవెల్ పెంచే పద్ధతి కూడా ఉంది, చాలామంది అదే వాడతారు. అప్పుడు కూలి ఏమిటన్నది గేమ్ మాస్టర్ చేతిలో ఉంటుంది. ఆ మనిషి దేన్ని ఘట్టం అంటాడో ముందే మాట్లాడుకోవాలి.

డంజియన్ వరల్డ్ అనే ఆట ఇంకో దారిలో వెళ్తుంది. పాచిక పూర్తిగా తప్పినప్పుడు ఒక పాయింటు ఇస్తుంది. సెషన్ (ఒకసారి కూర్చుని ఆడేది) చివర "ఈ లోకం గురించి ముఖ్యమైన కొత్త విషయం ఏదైనా తెలిసిందా?" లాంటి ప్రశ్నలకు అవునంటే మళ్ళీ పాయింట్లు. ఓడిపోతామన్న భయం తగ్గి జనం ధైర్యంగా మీదపడతారు. డ్రాగన్‌బేన్ అనే ఆటలో నైపుణ్యం వాడినప్పుడు 1 గానీ 20 గానీ పడితే దాని పక్కన గుర్తు పెట్టుకుని, సెషన్ అయ్యాక ఆ నైపుణ్యం పెరుగుతుందేమో పాచిక వేసి చూస్తారు. ఏది చేస్తే అదే వస్తుందన్నమాట. ఐరన్‌స్వోర్న్‌లో ఇనుము మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాం. ప్రమాణం నెరవేరితే ఎదుగుదల. మాట నిలబెట్టుకోవడమే అక్కడ కథ.

ఇప్పుడు మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీసి పక్కన పెట్టుకోండి. మీవాళ్ళకు ఇష్టమైనదానికి ఈ ఆటలో కూలి ఉందా? ఎక్కడా లేకపోతే, ఎంత గొప్ప ఆట అయినా మీ బల్ల మీద నిలవదు. నేను పక్కన పెట్టిన ఆరింటిలో నాలుగు ఇక్కడే పోయాయి.

నాలుగో మెట్టు: పాచికల లెక్క ఒకసారి వేసుకోండి

భయపడక్కర్లేదు, పదో తరగతి లెక్కలు చాలు. ఇరవై ముఖాల పాచికలో ఒక్కో ముఖానికి 5 శాతం అవకాశం. ఐదో ఎడిషన్‌లో ఒక పని బాగా వచ్చిన మొదటి లెవెల్ క్యారెక్టర్‌కి సాధారణంగా +5 ఉంటుంది, అంటే పాచిక మీద పడిన అంకెకు 5 కలుపుతాం. కాస్త కష్టమైన పనికి 15 చేరాలంటే పాచిక మీద 10 లేదా పైన పడాలి. అంటే 55 శాతం. ఆ పని అస్సలు రానివాడికి 30 శాతం. తేడా ఉంది, కానీ అలా +5 ఉన్న దొంగ కూడా ఇరవైసార్లలో తొమ్మిదిసార్లు తాళం తీయలేడు. "నేను గొప్ప దొంగను" అని ఊహించుకుని వచ్చిన ఆటగాడికి ఇది చివుక్కుమంటుంది. ఆ ఆట ఆడించేటప్పుడు గేమ్ మాస్టర్ ప్రతిదానికీ పాచిక వేయించకూడదు. టెన్షన్ నిజంగా ఉన్నచోటే వేయించాలి.

డంజియన్ వరల్డ్‌లో ఆరు ముఖాల పాచికలు రెండు. 6 లేదా తక్కువ వస్తే చేటు, 7 నుంచి 9 వస్తే పని అవుతుంది గానీ చిక్కు వస్తుంది, 10 లేదా పైన వస్తే పూర్తిగా గెలుపు. +2 ఉన్నవాడికి మొత్తం 36 కలయికల్లో 6 మాత్రమే చేటు, 15 చిక్కుతో గెలుపు, 15 పూర్తి గెలుపు. చూడటానికి చాలా మెత్తగా ఉంది కదా. కానీ గేమ్ మాస్టర్ కుర్చీలోంచి చూడండి. పదిసార్లు వేస్తే నాలుగుసార్లు "అయింది, కానీ..." అని చెప్పి ఆ "కానీ" తర్వాత ఏదో ఒకటి అప్పటికప్పుడు పుట్టించాలి. అది అలవోకగా వచ్చేవాళ్ళు ఈ ఆటలో వెలిగిపోతారు. నాకు మొదటి రెండు గంటలు బాగా వస్తుంది, మూడో గంటకి అలిసిపోతాను. అందుకే ఆ ఆటను మేం రెండు గంటలకు మించి ఆడం.

లెక్క వేసేటప్పుడు "ఓడితే ఏమవుతుంది?" అని కూడా చూడండి. ఓడితే ఏమీ జరగని ఆటల్లో సాయంత్రం నత్తనడక నడుస్తుంది. తలుపు తెరుచుకోలేదు, మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి. షాడోడార్క్ దీనికి మంచి మందు కనిపెట్టింది. అందులో దివిటీ వెలిగేది నిజమైన గంట. ఫోన్లో టైమర్ పెట్టి బల్ల మీద పెడతారు. తలుపు ముందు తచ్చాడుతుంటే కళ్ళముందే వెలుగు కరిగిపోతుంది.

ఐదో మెట్టు: గడియారం పెట్టుకుని ఒక క్యారెక్టర్ తయారుచేయండి

కెయిర్న్‌లో మూడు గుణాలకు పాచికలు వేసి, సామాన్లకు పాచికలు వేస్తే పది నిమిషాల్లో మనిషి సిద్ధం. ఐదో ఎడిషన్‌లోనూ పాత్‌ఫైండర్‌లోనూ కొత్తవాళ్ళకు గంట దాటుతుంది. ఎక్కువసేపు పట్టడం తప్పేం కాదు. మా బావ ఒక్క క్యారెక్టర్‌కి రెండు సాయంత్రాలు పెట్టి, ఏ లెవెల్‌లో ఏ శక్తి తీసుకోవాలో చార్టు గీసుకున్నాడు. ఆయనకు అదే ఆటలో సగం. చూడాల్సింది ఒక్కటే. తయారీకి పట్టే సమయానికీ ఆ క్యారెక్టర్ ఎంత తేలిగ్గా చచ్చిపోతుందన్నదానికీ పొత్తు కుదరాలి. పది నిమిషాల మనిషి మొదటి గుహలో పోతే నవ్వుకుని ఇంకొకణ్ణి తయారుచేస్తాం. గంటన్నర కష్టపడి చేసిన మనిషి ఇరవై నిమిషాల్లో పోతే ఆ ఆటగాడు మరుసటి వారం రాడు.

ఆరో మెట్టు: ఒంటరిగా ఒక పోరాటం ఆడి చూడండి

ఇది ఎవరూ చేయరు, అందరూ చేయాలి. కాగితం మీద నలుగురు మొదటి లెవెల్ ఫైటర్లు, ఎదురుగా ఒక ఓగర్ (భారీ రాక్షసుడు). డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల ప్రకారం నేను వేసిన లెక్క ఇదిగో.

ఓగర్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 11, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే లెక్క) 59. ఫైటర్‌కి +5, కాబట్టి 6 లేదా పైన పడితే దెబ్బ తగులుతుంది, అంటే నాలుగింట మూడుసార్లు. కత్తి దెబ్బ సగటున ఏడున్నర. తప్పిపోయేవి కూడా కలుపుకుంటే ఒక్కొక్కరు రౌండుకి (అందరికీ ఒక్కో వంతు వచ్చే చుట్టుకి) ఐదున్నర పాయింట్లు తీస్తారు, నలుగురు కలిసి ఇరవై రెండు. మూడు రౌండ్లలో ఓగర్ పడిపోతుంది. అది కొట్టే దెబ్బ సగటున 13. ఫైటర్ దగ్గర ఉండే హిట్ పాయింట్లు దాదాపు 12. ఇనుప కవచం, డాలు ఉన్నా ఇరవైలో తొమ్మిదిసార్లు తగులుతుంది. కాబట్టి ఆ మూడు రౌండ్లలో ఎవరో ఒకరు నేలకొరిగే అవకాశమే ఎక్కువ.

నలుగురు, ఓగర్, మూడు రౌండ్లు కలిపి పదిహేను టర్న్‌లు (వంతులు). కొత్తవాళ్ళకు టర్న్‌కి రెండు నిమిషాలు అనుకుంటే అరగంట. ఇప్పుడు ఒక్కో టర్న్ దగ్గర ఆగి "ఇక్కడ ఆటగాడు నిర్ణయించుకోవడానికి ఏముంది?" అని రాసుకున్నాను. మొదటి రౌండులో ఉంది: ఎవరు ముందు వెళ్ళాలి, ఎవరు వెనక ఉండాలి. రెండో రౌండులో "కొడతాను." మూడో రౌండులో "కొడతాను." నలుగురూ ఫైటర్లే కావడం వల్ల కొంత అలా అయింది. ఒకరు విజార్డ్ (మంత్రగాడు), ఒకరు రోగ్ (దొంగ) అయితే దారులు పెరుగుతాయి. అయినా నాకో సంగతి తెలిసొచ్చింది. ఈ ఆటలో ఖాళీ గదిలో ఒకే శత్రువుని పెట్టకూడదు. కూలిపోయే వంతెనో, కట్టేసిన బందీయో, మంటో ఉండాలి.

అదే పోరాటం కెయిర్న్‌లో వేరేగా ఉంటుంది. అక్కడ తగిలిందా లేదా అని వేయడమే లేదు. నేరుగా దెబ్బ ఎంతో వేస్తారు, కవచం ఆపినంత తీసేస్తారు. మొదట్లో హిట్ ప్రొటెక్షన్ (గాయం కాకుండా కాచే పాయింట్లు) 1 నుంచి 6 దాకానే. అది అయిపోతే దెబ్బ నేరుగా బలం మీద పడుతుంది. రెండు నిమిషాల్లో పోరాటం ఎటో ఒకటు తేలిపోతుంది. అందుకని నిర్ణయాలన్నీ కత్తి తీయకముందే జరుగుతాయి. మీవాళ్ళకు పోరాటమే పండగ అయితే ఇది చప్పగా అనిపిస్తుంది. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ వాళ్ళకు విందు. టర్న్‌కి మూడు యాక్షన్లు, కావాల్సిన అంకె కంటే 10 గానీ ఆపైన గానీ ఎక్కువ వస్తే క్రిటికల్, అంటే మామూలుకంటే పెద్ద గెలుపు. ఒక్క +1 కోసం కూడా పక్కవాడితో చేతులు కలపాల్సి వస్తుంది.

ఏడో మెట్టు: గేమ్ మాస్టర్‌కి పుస్తకం సాయం చేస్తుందా?

ఆటలు ఆగిపోయేది చాలావరకు ఆటగాళ్ళ వల్ల కాదు, గేమ్ మాస్టర్ అలిసిపోవడం వల్ల. పుస్తకంలో ఉన్న సాహసంలోంచి (ఆడించడానికి సిద్ధంగా రాసిపెట్టిన కథలోంచి) ఒక గది తీసుకోండి. రెండు నిమిషాలు చదవండి, పుస్తకం మూసేసి గట్టిగా చెప్పండి. గదిలో ఏం కనబడుతుంది, ఎవరున్నారు, వాళ్ళకేం కావాలి, వెతికితే ఏం దొరుకుతుంది. ఈ నాలుగూ నోటికొస్తే రాసినవాళ్ళు బల్లను తలచుకుని రాశారు. మూడో పేరాలో ఎక్కడో దాక్కున్న మాన్‌స్టర్ గుర్తురాకపోతే ఆడేటప్పుడు కూడా గుర్తురాదు.

పాత తరహా ఆటల్లో నాకు నచ్చే సాధనాలు రెండున్నాయి. మాన్‌స్టర్లు ఎదురుపడగానే రెండు పాచికలు వేసి వాటి మనసు ఎలా ఉందో చూస్తారు. దాడి చేస్తాయా, సందేహిస్తాయా, మాట కలుపుతాయా అని. పోరాటం మధ్యలో ఇంకోసారి వేసి అవి పారిపోతాయో నిలబడతాయో చూస్తారు. ఈ రెండూ లేని ఆటల్లో ప్రతి జీవీ చివరి రక్తపు బొట్టు దాకా పోరాడుతుంది, ఎందుకంటే ఆపే ఆలోచన ఎవరికీ రాదు.

ఎనిమిదో మెట్టు: ఆ లోకంలో ఇవాళ జరుగుతున్నదేమిటి?

నాలుగు వేల ఏళ్ళ రాజుల చరిత్ర ఆటలో పనికిరాదు. ఇవాళ ఈ ఊళ్ళో ఏం గొడవ, దాంట్లో మనం వేలు పెడితే ఏమవుతుంది అన్నది పనికొస్తుంది. పుస్తకంలో ఏదైనా పేజీ తెరిచి, అక్కడున్నదాంతో రేపు సాయంత్రం ఏం ఆడించొచ్చో ఒక వాక్యం రాయడానికి ప్రయత్నించండి. ఐదు పేజీలకు మూడు వాక్యాలు వస్తే మంచి లోకం.

ఎల్ఫ్, డ్వార్ఫ్, టావెర్న్ అంటే మా చెల్లెలి కళ్ళలో ఏ బొమ్మా కదలదు. "ఊరి చివర సత్రం, వసారాలో లాంతరు" అంటే వెంటనే కదులుతుంది. పేర్లు మార్చుకుంటే చెడిపోని లోకాలకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అలాగే, ఒక జాతి మొత్తం పుట్టుకతోనే చెడ్డది, కాబట్టి చంపేయొచ్చు అని రాసిన పుస్తకాలను ఒకటికి రెండుసార్లు ఆలోచించి తీసుకుంటాను. పుట్టుకను బట్టి మనిషిని తూచడం మన చుట్టూ చాలానే చూశాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కూడా 2024 సవరణలో "రేస్" అన్న మాట తీసేసి "స్పీషీస్" అని పెట్టింది.

తొమ్మిదో మెట్టు: ఒక్క సాయంత్రం ఆడండి, మర్నాడు అడగండి

ఇంతవరకు గెలిచిన ఆటను మూడు గంటల వన్-షాట్‌గా (ఒక్క కూర్చోవడంలో ముగిసే ఆటగా) ఆడించండి. క్యారెక్టర్లు ముందే తయారుచేసి పెట్టండి. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు కూర్చుని ఏ విషయాలు కథలోకి రాకూడదో, ఏవి వచ్చినా పైపైన దాటేయాలో అందరినీ అడగండి. పిల్లలకు హాని, చిత్రహింస లాంటివి కొందరికి భరించరానివి. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తు వేసిన కార్డు పెట్టి, ఎవరు ముట్టుకుంటే అక్కడితో ఆ సంగతి ఆపేయడం జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. కారణం అడగకూడదు. ఎవరూ ముట్టుకోకపోయినా అది అక్కడ ఉంటే చాలు, మనుషులు తేలిగ్గా ఊపిరి పీలుస్తారు.

ఆడేటప్పుడు చిన్న నోటుబుక్కులో మూడు వరసలు పెట్టుకుంటాను. పుస్తకం తెరిచినప్పుడల్లా ఒక గీత, ఎవరైనా ఫోన్ తీసినప్పుడల్లా ఒకటి, ఎవరైనా పాచికలు లేకుండా కొత్త ఉపాయం చెప్పినప్పుడల్లా ఒకటి. మూడో వరసలో గీతలు మిగతా రెండిటికంటే ఎక్కువ ఉంటే ఆట దారిలో ఉన్నట్టే.

కెయిర్న్ మొదటిసారి ఆడించిన రాత్రి ఇలా జరిగింది. ఊళ్ళో బావి ఎండిపోయింది, అడుగున సొరంగం. బావ దిగుదామన్నాడు. తాడు ఒక్కటే ఉంది. చెల్లెలు కదల్లేదు.

"అన్నయ్యా, బావి ఎండి ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు."

"మరి ఆ పక్కింటి ముసలాయన గుమ్మం ముందు బురద ఎందుకుంది?"

బురద సంగతి నేను వర్ణనలో అలా యథాలాపంగా అనేశాను. నా దగ్గర జవాబు లేదు. పుస్తకం తీయకుండా, పాచిక వేయకుండా ఒక్క క్షణం ఆలోచించి, "తలుపు వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది" అన్నాను. బావ అప్పటికే చేతికి చుట్టుకున్న తాడు వదిలేసి ఆవిడ వెనకే నడిచాడు. ఆ తర్వాత గంట సేపు ఎవరూ కత్తి తీయలేదు. ముసలాయన ఇంట్లో నీళ్ళ గోలెం, అందులో బావిలోంచి వచ్చేసిన ఒక జలదేవత, దాన్ని వెనక్కి పంపడానికి బేరం. ఆట అడ్డు రాలేదు, అంతే. నియమాలు ఎక్కువున్న ఆటలో ఆ బురద దగ్గర నేను ఏ నైపుణ్యానికి పాచిక వేయించాలా అని వెతుక్కునేవాణ్ణి.

ఆ రాత్రే "ఎలా ఉంది?" అని అడగకండి. మొహమాటానికి బాగుందంటారు. మర్నాడు సాయంత్రం ఫోన్ చేసి "నీకేం గుర్తుంది?" అని మాత్రం అడగండి. ఎవరో ఏదో చేశారని చెబితే మంచి గుర్తు. "ఆ రూల్ ఏంటో అర్థం కాలేదు" అన్నది మొదటి మాటగా వస్తే, ఇంకొక్క అవకాశం ఇచ్చి చూడండి. ఏమీ గుర్తులేకపోతే వదిలేయండి. బావకి ఆ రాత్రి నచ్చింది కానీ "నాకు పెరగడానికి ఏమీ లేదు" అన్నాడు. అది కూడా నిజమే, కెయిర్న్‌లో లెవెల్స్ లేవు. అందుకే మేం చివరికి డ్రాగన్‌బేన్ దగ్గర ఆగాం. ఆయనకు పెంచుకోవడానికి నైపుణ్యాలున్నాయి, ఆవిడకు ప్రశ్నలడగడానికి చోటుంది.

చివరి మెట్టు: కొనాలా, వదిలేయాలా

ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు. మూడు సెషన్లయ్యాక, మీరు అడగకుండానే ఎవరో ఒకరు "మళ్ళీ ఎప్పుడు?" అని మెసేజ్ పెడితే పుస్తకం కొనండి. మొదట పీడీఎఫ్, ఆ తర్వాత కావాలంటే అచ్చు పుస్తకం. విదేశాల నుంచి తెప్పిస్తే కొన్నిసార్లు పుస్తకం ఖరీదుకు దాదాపు సమానంగా షిప్పింగు, కస్టమ్స్ పడతాయి. బల్లకు ఒక పుస్తకం చాలు, అందరూ కొనక్కర్లేదు. పాచికలు మాత్రం ఎవరివి వాళ్ళకు ఉంటే బాగుంటుంది.

సరిపోలేదని తేలిన పుస్తకాన్ని అల్మరాలో ఉంచకండి. నా ఆరింటిలో ఒకటి, లావుపాటిది, పోరాటాల లెక్కలతో నిండినది, కిందటేడు మా ఆఫీసులో ఇంకో గుంపుకి ఇచ్చేశాను. వాళ్ళు నలుగురూ ఎక్సెల్ షీట్లు ఇష్టంగా చేసేవాళ్ళు. ప్రతి శనివారం కలుస్తారు. మొన్న క్యాంటీన్లో కనబడి, పద్నాలుగో సెషన్ అయిందనీ, రెండో భాగం పుస్తకం ఎక్కడ దొరుకుతుందనీ అడిగారు.